స్టిక్కరే కదా అనుకోకండి: ట్రావెల్ ట్రైలర్‌కి బరువు లేబుల్ రీకాల్ వస్తే ఏం చేయాలి

జూన్‌లో ఒక శనివారం మా మెయిల్‌బాక్సులో మందపాటి కవరు ఒకటి కనిపించింది. పైన సేఫ్టీ రీకాల్ (బండిలో లోపం ఉంటే ఉచితంగా సరిచేయడానికి తయారీదారు ఇచ్చే పిలుపు) అని పెద్ద అక్షరాలు, పక్కన అమెరికా రవాణా శాఖ గుర్తు. లోపల రెండు పేజీల ఉత్తరం, దానితో పాటు అరచేతిలో సగం ఉండే స్టిక్కర్. మా ట్రావెల్ ట్రైలర్‌లో (కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) ఎంత సామాను వేసుకోవచ్చో చెప్పే లేబుల్ మీద అంకె తప్పు పడిందట. కొత్తది పంపాం, పాతదాని మీద అంటించుకోండి అని రాశారు.

"స్టిక్కరేగా, అంటించేసి రండి, అన్నం చల్లారిపోతుంది" అంది మా ఆవిడ.

తలుపు తీసి పాత లేబుల్ చూస్తే 1,540 పౌండ్లు అని ఉంది. చేతిలో ఉన్నదాని మీద 1,060. తేడా 480 పౌండ్లు, అంటే దాదాపు 218 కిలోలు. ముగ్గురు మనుషుల బరువు. రెండేళ్ళుగా ఆ 1,540 నమ్మి సామాను సర్దాం. స్టిక్కర్ అంటించడానికి రెండు నిమిషాలు పట్టింది. అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఇక్కడ టెక్సాస్‌లో మనవాళ్ళలో ట్రైలర్లు కొనేవాళ్ళు, సెలవులకి అద్దెకి తీసుకునేవాళ్ళు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. అందుకే ఆ పనంతా వరసగా రాస్తున్నాను.

1. ఏ లేబుల్ గురించి మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోండి

ట్రైలర్ మీద బరువు గురించి చెప్పే లేబుళ్ళు ఒకటి కాదు. బయట, డ్రైవర్ వైపు, ముందు సగంలో ఒకటి ఉంటుంది. దాన్ని సర్టిఫికేషన్ లేబుల్ అంటారు. అందులో విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య), తయారైన నెల, జీవీడబ్ల్యూఆర్, జీఏడబ్ల్యూఆర్ ఉంటాయి. జీవీడబ్ల్యూఆర్ అంటే ట్రైలర్ సామానుతో సహా మొత్తం మీద దాటకూడని బరువు. జీఏడబ్ల్యూఆర్ అంటే ఒక్కో యాక్సిల్ (చక్రాల ఇరుసు) మోయగలిగే బరువు. టైరు సైజు, అందులో ఎంత గాలి కొట్టాలో కూడా బయటి లేబుళ్ళ మీదే చూడొచ్చు.

రెండోది సామాను లేబుల్, సీసీసీ అంటారు. ఎక్కువగా తలుపు లోపలివైపు ఉంటుంది. "సామాను బరువు ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు ఎప్పుడూ మించకూడదు" అని ఒక వాక్యం, నీళ్ళ ట్యాంకు నిండితే ఎంత బరువో చెప్పే ఇంకో వాక్యం ఉంటాయి. మనలో చాలామందికి కళ్ళు కిలోలకి అలవాటు పడ్డాయి కాబట్టి ఏ అంకె దేనిదో రెండుసార్లు చూసుకోండి. నా కొత్త లేబుల్ మీద 1,060 పక్కనే 481 అని ఉంది. కిలోల అంకెని పౌండ్లనుకుంటే సామాను తక్కువ పెడతారు, నష్టం లేదు. పౌండ్ల అంకెని కిలోలనుకుంటేనే కొంప మునుగుతుంది.

లేబుల్ తప్పులు సాధారణంగా నాలుగు రకాలు. సామాను అంకె ఎక్కువ పడటం, జీవీడబ్ల్యూఆర్ లేదా యాక్సిల్ అంకె తప్పు పడటం, టైరు సైజు లేదా గాలి ఒత్తిడి తప్పు పడటం, ఇంకో మోడల్ లేబుల్ పొరపాటున అంటించేయడం. మాది మొదటి రకం. రెండో ఏసీ, సోలార్ ప్యానెళ్ళు, పెద్ద ఆనింగ్ (నీడ పందిరి) లాంటి ఆప్షన్లు బిగించకముందు ఉన్న బరువుతో లెక్క కట్టి లేబుల్ అచ్చేశారట. అమెరికాలో ఆర్‌వీలు (ఇలాంటి చక్రాల ఇళ్ళు) ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయి. ఒకే లైన్ మీద ఒకదాని వెనక ఒకటి వేర్వేరు ఆప్షన్లతో వస్తుంటే ఇలాంటి పొరపాటు ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

ఉత్తరంలో టైరు, గాలి, యాక్సిల్ అనే మాటలు కనిపిస్తే మాత్రం ఇక్కడే ఆగండి. డీలరుతో మాట్లాడేదాకా ట్రైలర్‌ని రోడ్డెక్కించకండి. సామాను అంకె తప్పయితే తీసేసి తేలిక చేసుకోవచ్చు. బరువు మోయలేని టైరుని మనం ఇంట్లో కూర్చుని బాగుచేయలేం.

2. మీ బండి ఆ రీకాల్‌లో ఉందా?

ఉత్తరం వచ్చినవాళ్ళకి ఈ గొడవ లేదు. రానివాళ్ళు, ముఖ్యంగా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ళు వెతుక్కోవాలి. రీకాల్స్ చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ. దాని వెబ్‌సైట్‌లో రీకాల్స్ పేజీకి వెళ్ళి 17 అక్షరాల విన్ నంబర్ కొడితే పెండింగ్ రీకాల్స్ చూపిస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. విన్ నంబర్‌తో వెతికే సదుపాయం పెద్ద ఎత్తున బళ్ళు తయారుచేసే కంపెనీలకే తప్పనిసరి. చిన్న తయారీదార్ల రీకాల్స్ అందులో కనిపించకపోవచ్చు. ఆర్‌వీ కంపెనీల్లో అలాంటివి చాలా ఉంటాయి. కాబట్టి "సున్నా రీకాల్స్" అని రాగానే ఊపిరి పీల్చుకోకండి. అదే పేజీలో సంవత్సరం, కంపెనీ, మోడల్ ఇచ్చి మళ్ళీ వెతకండి. ఆ తర్వాత కంపెనీ కస్టమర్ సర్వీసుకి ఫోన్ చేసి, విన్ నంబర్ చదివి, "దీని మీద ఓపెన్ రీకాల్ ఏమైనా ఉందా" అని నోటితో అడగండి. రీకాల్ నంబర్ ఉందంటే రాసుకోండి. మొదటి రెండు అంకెలు సంవత్సరం, తర్వాత వి అనే అక్షరం, ఆ తర్వాత మూడంకెలు ఉంటాయి. ఏ కౌంటర్ దగ్గరికి వెళ్ళినా ముందు అదే అడుగుతారు.

తప్పు ఉందని తేల్చుకున్నాక తయారీదారు 5 పనిదినాల్లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి చెప్పాలి, ఆ తర్వాత 60 రోజుల్లో యజమానులకి ఉత్తరాలు పంపాలి. అంటే వెబ్‌సైట్‌లో రీకాల్ కనిపించి, ఇంటికి ఉత్తరం ఇంకా రాని మధ్య కాలం ఒకటి ఉంటుంది. ప్రయాణం దగ్గర పడిందని కంగారుగా ఉంటే ఆ ఉత్తరం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇంకో మాట, ప్రతి లేబుల్ తప్పూ రీకాల్ కాదు. ఈ తప్పు వల్ల భద్రతకి చెప్పుకోదగ్గ నష్టం లేదని కంపెనీ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి అర్జీ పెట్టుకోవచ్చు. ఒప్పుకుంటే ఉత్తరాలూ ఉండవు, రిపేరూ ఉండదు.

3. స్టిక్కర్ అంటించడం

ముందు పాత లేబుల్‌ని అంకెలు, విన్ నంబర్ స్పష్టంగా కనిపించేలా ఫోటో తీయండి. కొత్త దాని మీద విన్ నంబర్ ఉంటే చివరి ఎనిమిది అక్షరాలు మీ ట్రైలర్‌తో సరిపోతున్నాయో చూడండి. తప్పు లేబుల్‌ని సరిచేయడానికి వచ్చిన లేబుల్ ఇంకొకరిది కావడం కన్నా వెటకారం ఉండదు. సరిపోకపోతే అంటించకుండా ఫోన్ చేయండి.

రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, పాత అంకె పూర్తిగా మూసుకుపోయేలా అంటించి, మధ్య నుంచి అంచులకి వేలితో నొక్కండి. ఉత్తరంలో పాతది పీకమని రాస్తేనే పీకండి. బయటి సర్టిఫికేషన్ లేబుల్ మార్చాల్సి వస్తే డీలరు చేతే చేయించుకోవడం మంచిది. ఉత్తరంలో ఒక కార్డు కూడా ఉంటే, పని అయిందనో, బండి అమ్మేశాననో నింపి పోస్టులో వేయండి.

మా ఆవిడ చెప్పిన పని ఇక్కడితో అయిపోయింది.

4. కాటా మీదికి ఎక్కించండి

కొత్త లేబుల్ ఎంత బరువు పెట్టొచ్చో చెబుతుంది. ఎంత పెట్టారో చెప్పదు. అది కాటా ఒక్కటే చెబుతుంది.

హైవే పక్కన పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని బోర్డు కనిపిస్తుంది. లారీల కోసం పెట్టిన కాటా, మనమూ వాడుకోవచ్చు. ఖర్చు పదిహేను డాలర్ల అటూ ఇటూ ఉంటుంది. 24 గంటల లోపు మళ్ళీ తూస్తే రెండోసారికి బాగా తక్కువ తీసుకుంటారు. మామూలుగా ప్రయాణానికి ఎలా బయల్దేరతారో అలాగే వెళ్ళండి. అవే సామాన్లు, అదే నీళ్ళు, కారులో అందరు మనుషులూ ఉండాలి. పిల్లల్ని ఇంట్లో వదిలి వెళ్ళి తూస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

కాటాలో విడివిడి పలకలు ఉంటాయి. మొదటి పలక మీద కారు ముందు చక్రాలు, రెండో దాని మీద వెనక చక్రాలు, మూడో దాని మీద ట్రైలర్ చక్రాలు వచ్చేలా ఆపండి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్ బరువుని యాక్సిళ్ళన్నిటికీ పంచే కొక్కెం) ఉంటే స్ప్రింగ్ బార్లు వదులు చేయండి, లేకపోతే బరువు యాక్సిళ్ళ మధ్య పంచుకుని టంగ్ వెయిట్ (కొక్కెం మీద పడే బరువు) తప్పుగా కనిపిస్తుంది. స్తంభం మీద బటన్ నొక్కితే లోపలి నుంచి ఎవరో ట్రక్ నంబర్ అడుగుతారు. ప్రైవేట్ అని చెబితే చాలు. నేను మొదటిసారి వెనక లారీ ఆగి ఉందన్న టెన్షన్‌లో మూడో పలక మీదికి సగమే ఎక్కించాను. తొందరపడకండి, వాళ్ళకి ఇవి రోజూ చూసేవే.

తూకం అయ్యాక ట్రైలర్‌ని పార్కింగ్‌లో విప్పి పెట్టి, చక్రాలకి దిమ్మలు వేసి, కారొక్కదాన్నే మళ్ళీ తూయండి. మాకు వచ్చిన అంకెలివి. ట్రైలర్ తగిలించినప్పుడు ముందు చక్రాలు 2,980, వెనక చక్రాలు 4,060, ట్రైలర్ చక్రాలు 6,320, మొత్తం 13,360 పౌండ్లు. కారొక్కటే 6,100.

తీసివేస్తే ట్రైలర్ అసలు బరువు 7,260. జీవీడబ్ల్యూఆర్ 7,000. అంటే 260 పౌండ్లు ఎక్కువ, సామాను 1,060కి బదులు 1,320 ఉందన్నమాట. పాత లేబుల్ లెక్కలో చూస్తే ఇంకో 220 పౌండ్లు పెట్టుకోవచ్చన్న ధీమాతో తిరుగుతున్నాం. ఆ కాగితం పట్టుకుని ట్రక్ స్టాపులో కాఫీ తాగుతూ ఐదు నిమిషాలు మాట్లాడలేకపోయాను. పోయిన ఏడాది కొలరాడో కొండలు దిగుతూ బ్రేకులు వేడెక్కిన వాసన వచ్చినప్పుడు నా డ్రైవింగ్‌నే తిట్టుకున్నాను.

ట్రైలర్ మొత్తం 7,260లోంచి దాని చక్రాల మీద ఉన్న 6,320 తీసేస్తే 940. ఇదే టంగ్ వెయిట్, అంటే హిచ్ మీద పడే బరువు. మొత్తంలో దాదాపు 13 శాతం. బంపర్ దగ్గర తగిలించే ట్రైలర్లకి ఇది 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. పది కన్నా తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. దాన్నే స్వే అంటారు. ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు.

5. వంటింటి దగ్గర మొదలుపెట్టి తగ్గించండి

నీళ్ళు కూడా సామానే. ఈ సంగతి చాలామందికి తెలియదు. గ్యాలన్‌కి 8.3 పౌండ్లు. మా ట్యాంకు 40 గ్యాలన్లు, నిండితే 332 పౌండ్లు. కొత్త లేబుల్ ఇచ్చిన 1,060లో మూడో వంతు దీనికే పోతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో కుళాయి ఉన్నప్పుడు ఇంటి నుంచి నీళ్ళు మోసుకెళ్ళడం దండగ. దారిలో చేతులు కడుక్కోవడానికి, బాత్రూముకి పావు ట్యాంకు చాలు. అలా చేస్తే 249 పౌండ్లు తగ్గింది. తిరుగు ప్రయాణంలో ఇవే నీళ్ళు మురికి ట్యాంకుల్లోకి చేరి ఉంటాయి, డంప్ స్టేషన్‌లో ఖాళీ చేయకుండా బయల్దేరితే మళ్ళీ మొదటికే వస్తాం.

ఇంకా 11 పౌండ్లు మిగిలింది. వెట్ గ్రైండర్‌ని బాత్రూం స్కేలు మీద పెడితే 25. క్యాంపింగ్‌కి గ్రైండర్ ఏమిటని నవ్వకండి, ఐదుగురికి మూడు పూటలు దోసెలు పోస్తే తెలుస్తుంది. ఇప్పుడు పిండి ఇంట్లోనే రుబ్బి కూలర్‌లో పెట్టుకుంటున్నాం.

అంతటితో లేబుల్ గీత మీదికి వచ్చాం, కానీ గీత మీద నడవడం నాకు ఇష్టం లేదు. ఒక ఆదివారం ట్రైలర్ మొత్తం ఖాళీ చేసి ఒక్కో వస్తువుని తూచాను. ముందు ఉత్త చేతులతో స్కేలు ఎక్కాలి, తర్వాత వస్తువు పట్టుకుని ఎక్కాలి, తేడా రాసుకోవాలి. 20 పౌండ్ల సోనా మసూరి సంచులు రెండు, ఆవకాయ జాడీ, మూడు కుక్కర్లు, ఇనప పెనాలు రెండు, ఆరు మడత కుర్చీలు, ఒక్కసారి కూడా తీయని టూల్‌బాక్స్, జనరేటర్, పోయిన ఏడాది నుంచి సోఫా కింద ఉన్న రెండు కార్టన్ల వాటర్ బాటిళ్ళు. ఎవరూ వాడనివి, దారిలో కొనుక్కోగలిగేవి తీసేస్తే 140 పౌండ్లు తగ్గింది. రెండో బియ్యం సంచి ఎందుకు తీసేశారని ఇప్పటికీ అడుగుతారు ఇంట్లో.

ఏది ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. బరువైనవి యాక్సిల్‌కి కాస్త ముందు, కిందివైపు పెట్టాలి. వెనక బంపర్‌కి సైకిళ్ళు తగిలిస్తే అవి హిచ్ మీది బరువుని పైకి లేపుతాయి. నీళ్ళ ట్యాంకు యాక్సిల్‌కి ముందుంటే నీళ్ళు తగ్గించినప్పుడు టంగ్ వెయిట్ తగ్గుతుంది, వెనకుంటే పెరుగుతుంది. అందుకే సర్దుకున్నాక ఇంకోసారి కాటా ఎక్కండి.

6. లాగే బండి లెక్క వేరే

డీలర్ దగ్గర అందరూ అడిగేది టో కెపాసిటీ. 9,000 పౌండ్లు లాగుతుందంటే 7,000 ట్రైలర్ ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ ముందు అడ్డం వచ్చేది అది కాదు. కారు డ్రైవర్ తలుపు తీస్తే "మనుషులు, సామాను కలిపి ఇంత మించకూడదు" అని ఒక పసుపు లేబుల్ ఉంటుంది. టంగ్ వెయిట్ కూడా అందులోంచే పోతుంది.

మా కారు మీద ఆ అంకె 1,650. ఐదుగురు మనుషులు, కారులో సామాను కలిపి 650. దానికి 940 కలిపితే 1,590. మిగిలింది 60 పౌండ్లు. ఇండియా నుంచి మా అత్తగారు వచ్చి ఎక్కితే అయిపోయింది. ట్రైలర్ లేబుల్ సరైనదైనా తప్పయినా ఈ లెక్క చేసుకోవాల్సిందే. మన కుటుంబాలు కారు నిండా మనుషులతో బయల్దేరతాయి కాబట్టి ఇంకా గట్టిగా చెబుతున్నాను.

7. టైర్లు

అధిక బరువు ముందు దెబ్బతీసేది టైర్లనే. బరువు ఎక్కువై, గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా వంగుతాయి, వేడెక్కుతాయి, చివరికి పైపొర ఊడిపోతుంది. మా ట్రైలర్‌కి ఉన్నవి ఎస్‌టీ 205/75 ఆర్14, లోడ్ రేంజ్ సి. ఒక్కోటి 50 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర 1,760 పౌండ్లు మోస్తుంది. ట్రైలర్ చక్రాల మీద ఉన్న 6,320ని నాలుగుతో భాగిస్తే 1,580. చూడ్డానికి బాగానే ఉంది. కానీ వంటగది, ఫ్రిజ్ ఒకే పక్కనుంటే ఆ వైపు టైర్ల మీద సగటు కన్నా ఎక్కువ పడుతుంది. లారీ కాటా ఆ తేడా చెప్పదు. చక్రం చక్రానికీ విడిగా తూసే సర్వీసులు ఉన్నాయి. టెక్సాస్‌లో లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ ఆర్‌వీ క్లబ్ వాళ్ళు చేస్తారు.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడండి. లేబుల్ మీద రాసేది చల్లటి టైరు అంకె. మధ్యాహ్నం ఎండలో ఆగినప్పుడు ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేయకండి. ఇంతకాలం అధిక బరువుతో తిరిగారని తేలితే టైర్లని ఒకసారి షాపులో చూపించండి. పక్కన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి.

8. డీలరు తిప్పుకుంటుంటే

రీకాల్ పని ఉచితం. మొదటిసారి కొన్న తేదీ నుంచి 15 ఏళ్ళ లోపు బండ్లకి ఇది వర్తిస్తుంది, మీరు రెండో యజమాని అయినా సరే. లేబర్ చార్జీ అని బిల్లు చేతికిస్తే ఉత్తరం చూపించండి. ఉత్తరం రాకముందే అదే లోపానికి మీ డబ్బుతో రిపేరు చేయించి ఉంటే, రసీదు పెట్టి తిరిగి అడగొచ్చు. బండి అప్పగించాక 60 రోజుల్లో సరిచేయకపోతే సమంజసమైన గడువు దాటినట్టే చట్టం భావిస్తుంది. అప్పటికీ కదలకపోతే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో గానీ, 888-327-4236 నంబర్‌కి గానీ ఫిర్యాదు చేయండి. తేదీలు, మాట్లాడిన మనిషి పేరు రాసిపెట్టుకుంటే ఫోన్‌లో నీళ్ళు నమలక్కర్లేదు.

రీకాల్ లేకపోయినా అంకె తప్పనిపిస్తే కూడా అక్కడే చెప్పొచ్చు. అమ్మేముందు డీలరు అదనంగా ఏవైనా బిగించి, ఆ బరువు 100 పౌండ్లు లేదా జీవీడబ్ల్యూఆర్‌లో ఒకటిన్నర శాతం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది దాటితే లేబుల్ సరిచేసి ఇవ్వాలి. కొన్నాక మనం బిగించుకున్నదంతా మన లెక్కే.

9. పాతది కొనేముందు, అద్దెకి తీసుకునేముందు

రీకాల్ ఉత్తరాలు రికార్డుల్లో ఉన్న యజమానికే వెళ్తాయి. పాత ట్రైలర్ కొంటే ఆ వారమే కంపెనీకి ఫోన్ చేసి మీ పేరు, అడ్రసు ఎక్కించండి. కొనేముందు తలుపు లోపలి లేబుల్ ఫోటో తీసుకుని, అది రీకాల్‌లో మారిన అంకె కాదు కదా అని చూడండి. పాత స్టిక్కరే ఉందంటే కొత్తది ఎవరి సొరుగులోనో పడి ఉన్నట్టు. కంపెనీని అడిగితే ఇంకోటి పంపిస్తారు.

అద్దె బండికైతే బుక్ చేసేముందే యజమానిని విన్ నంబర్ అడగండి. ఇవ్వడానికి సణిగేవాళ్ళ దగ్గర నేను తీసుకోను. తాళాలు తీసుకునేటప్పుడు నీళ్ళ ట్యాంకు ఎంత నిండి ఉందో చూడండి. మంచిదని నిండా నింపి ఇస్తారు, వద్దంటే ఆశ్చర్యపోతారు.